పిల్లల సైన్స్ ప్రాజెక్టు: ఏ అంశం ఎంచుకోవాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవానికి వాళ్ల బడిలో సైన్స్ ఫెయిర్ పెడుతున్నారు. తోటి పిల్లలు చాలామంది అగ్నిపర్వతం, హైడ్రాలిక్ వంతెన, స్మార్ట్ డస్ట్‌బిన్ వంటి రెడీమేడ్ మోడళ్లు కొనుక్కుంటున్నారు. మేమూ అలాంటిదే కొనాలా? కొనకపోతే వాడికి ఏ అంశం ఇవ్వాలి? మాకు సైన్సు పెద్దగా తెలియదు.
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: కొనవద్దనే నా సలహా. వంటసోడా మీద వెనిగర్ పోస్తే నురగ పొంగుతుందని మీ అబ్బాయికీ తెలుసు, మార్కులు వేసే మాస్టారికీ తెలుసు, చూడటానికి వచ్చిన వాళ్లకూ తెలుసు. అలాంటప్పుడు అక్కడ తెలుసుకోవడానికంటూ ఏమీ ఉండదు. చార్టు మీద రాసినదాన్ని బట్టీపట్టి అప్పజెప్పడమే పిల్లవాడి పని అవుతుంది. ప్రాజెక్టుకు మూలంగా ఒక ప్రశ్న ఉండాలి, దానికి జవాబు పిల్లవాడికి ముందుగా తెలిసి ఉండకూడదు, ఆ జవాబును అతను తన చేతులతో కొలిచి తెలుసుకోగలగాలి. అంశాన్ని ఎంచుకునేటప్పుడు ఈ మూడూ చూసుకుంటే చాలు.

ఫిబ్రవరి 28కి ఆ గుర్తింపు తెచ్చిన సి.వి. రామన్ పని కూడా ఇలాంటి ప్రశ్నతోనే సాగింది. 1921లో ఐరోపా నుంచి ఓడలో తిరిగి వస్తూ మధ్యధరా సముద్రపు నీలిరంగును చూసి, అది ఆకాశపు రంగు ప్రతిఫలించడం వల్ల వచ్చిందేనా అని ఆయనకు సందేహం కలిగింది. వెంట ఉన్న, కాంతిని పరీక్షించే చిన్న నికల్ పట్టకంతో ఓడ మీదే పరిశీలించడం మొదలుపెట్టారు. ఆ దారిలో ఏళ్ల తరబడి సాగిన పరిశోధన 1928లో రామన్ ఫలితం (పదార్థంలో చెదిరిన కాంతిలో కొంత రంగు మారడం) దగ్గరికి చేరింది.

మీకు సైన్సు తెలియదన్నారు. అంశం వెతకడానికి అది అడ్డు కాదు. పెద్దవాళ్లు అనుభవంతో అనే మాటలను కాసేపు చెవిపెట్టి వినండి. పాత కుండలో నీళ్లు చల్లబడవంటారు, చలికాలంలో పెరుగు త్వరగా తోడుకోదంటారు, ఫలానా బోరు నీళ్లకు పప్పు ఉడకదంటారు. వీటిలో ప్రతి మాటనూ కొలిచి చూడవచ్చు. మీ అబ్బాయి అంగీకరిస్తే కుండతో మొదలుపెట్టమంటాను. దీనికి ఖర్చు తక్కువ, అయినా వెనుక ఉన్న భౌతికశాస్త్రం లోతైనది.

ఒకే సైజు మట్టి కుండలు రెండు, వీలైతే ఒకే కుమ్మరి చేసినవి, కొనండి. ఒకదానికి బయటి వైపు అంతటా ఎనామెల్ పెయింటు రెండు పూతలు వేసి బాగా ఆరనివ్వండి. ఆ కుండలో నీళ్లు తాగడానికి వాడకూడదు. రెండింటినీ ఒక రాత్రంతా నీళ్లతో నాననిచ్చి, మర్నాడు ఉదయం ఆ నీళ్లు పారబోసి, ఒకే బిందెలో నిలవ ఉన్న నీటిని ఒక్కో కుండలో ఐదు లీటర్ల చొప్పున కొలిచి పోయండి. ఎండ తగలని వసారాలో పక్కపక్కనే పెట్టి, మూతలు వేసి, గంటకొకసారి రెండింటి బరువును పది కిలోల వరకు తూచే వంటింటి కాటా మీద, నీటి వేడిమిని థర్మామీటరుతో చూసి రాసుకోవాలి. పక్కనే గాలి ఉష్ణోగ్రత కూడా రాయాలి. మామూలు కుండ బయటి గోడ చెమ్మగిల్లి, బరువు గంట గంటకూ తగ్గుతూ, నీరు చల్లబడుతుంది. పెయింటు వేసిన కుండ బరువు దాదాపు మారదు. అందులోని నీరు పక్క కుండలోని నీరంత చల్లబడదు. రెండు కుండలకూ తేడా పెయింటు ఒక్కటే కాబట్టి, చల్లదనం మట్టి స్వభావం వల్ల కాక గోడలోని సన్న రంధ్రాల గుండా బయటికి వచ్చి ఆవిరయ్యే నీటి వల్ల వస్తోందని పిల్లవాడే చెప్పగలుగుతాడు.

ఎనిమిదో తరగతి పిల్లవాడు ఇక్కడ ఒక లెక్క కూడా చేయగలడు. మామూలు కుండ బరువు 100 గ్రాములు తగ్గిందనుకుందాం. గ్రాము నీరు ఆవిరి కావడానికి మన వాతావరణంలో సుమారు 580 క్యాలరీల వేడి కావాలి కాబట్టి మొత్తం 58,000 క్యాలరీలు పోయినట్టు. ఐదు లీటర్ల నీరు ఒక డిగ్రీ చల్లబడాలంటే 5,000 క్యాలరీలు పోవాలి. అంటే ఆ నీరు 11 డిగ్రీలకు పైగా చల్లబడాలి. కానీ థర్మామీటరు అంత తేడా చూపించదు. ఎందుకు? ఒకవైపు నీరు వేడిని కోల్పోతుంటే మరోవైపు చుట్టూ ఉన్న గాలి నుంచి కుండకు వేడి చేరుతూనే ఉంటుంది. లెక్కకూ కొలతకూ మధ్య ఉన్న ఈ తేడాను మీ అబ్బాయి స్వయంగా గమనించి, కారణం వెతికితే, ఆ ఒక్క పేరా కోసం ప్రాజెక్టు అంతా చేసినా తగినదే.

ఇంకా ఉత్సాహం ఉంటే మరో థర్మామీటరు బల్బుకు తడి గుడ్డ చుట్టి గాలిలో ఉంచమనండి. అది చూపే ఉష్ణోగ్రత కంటే కుండ నీరు కిందికి దిగదు. గాలిలో తేమ ఎక్కువైతే ఈ హద్దు కూడా పైకి జరుగుతుంది. కోస్తాలో ఉక్కపోసే రోజుల్లో కుండ సరిగా చల్లబరచకపోవడానికి, పొడిగాలి వీచే అనంతపురం, కర్నూలు వైపు ఎండాకాలంలో అదే కుండ బాగా చల్లబరచడానికి కారణం ఇదే. మీ బంధువులెవరైనా ఆ వైపు ఉంటే, ఒకే రోజున రెండు ఊళ్లలో కొలిచిన అంకెలను పక్కపక్కన పెట్టవచ్చు.

ప్రశ్న: ప్రకాశం జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. ప్రయోగశాల పేరుకే ఉంది. మా పిల్లలు ఇన్‌స్పైర్ మనక్‌కూ, బాలల సైన్స్ కాంగ్రెస్‌కూ ప్రాజెక్టులు పంపాలనుకుంటున్నారు. రెండింటికీ ఒకే అంశం పంపవచ్చా? మా ఊరి నీటి మీద ఏదైనా చేయాలని పిల్లల కోరిక.
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మీ పిల్లలు తమ ఊరి నీటిని ఎంచుకున్నందుకు చాలా సంతోషంగా ఉంది. ముందు మొదటి సందేహం తీర్చుకుందాం. ఈ రెండు వేదికలూ అడిగేవి వేరు. ఇన్‌స్పైర్ మనక్‌లో పిల్లలు ఒక ఇబ్బందికి పరిష్కారంగా కొత్త ఆలోచన చెప్పాలి. ఎంపికైన ఆలోచనకు నమూనా తయారు చేసుకోవడానికి 10,000 రూపాయలు విద్యార్థి ఖాతాలో వేస్తారు, ఆ నమూనా జిల్లా ప్రదర్శనకు వెళ్తుంది. 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌లో 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు తమ ప్రాంతపు సమస్యను పద్ధతిగా అధ్యయనం చేసి, లెక్కలతో సహా నివేదిక ఇవ్వాలి. అందుకని అధ్యయనం ముందు చేయించండి. అందులోంచి పరిష్కారపు ఆలోచన ఏదైనా పుడితే దాన్ని మరుసటి ఏడాది ఇన్‌స్పైర్‌కు పంపవచ్చు. కొలత లేకుండా ముందే పరిష్కారం ఆలోచించమంటే పిల్లలు ఇంటర్నెట్‌లో చూసినదాన్నే దించుతారు.

ఇక నీటి విషయం. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీటి వల్ల వచ్చే ఎముకల ఫ్లోరోసిస్‌ను వైద్యులు నమోదు చేశారు. 1970లో ఏర్పడిన మీ జిల్లాలో ఆ పాత నెల్లూరు జిల్లా ప్రాంతాలు కూడా ఉన్నాయి. పిల్లల మనసులో ఫ్లోరైడ్ మాట మెదలడం సహజమే. అయితే ఇక్కడ ఒక పొరపాటు సైన్స్ ఫెయిర్లలో తరచుగా కనిపిస్తుంది. పిల్లలు టీడీఎస్ మీటరును గ్లాసులో ముంచి, అంకె తక్కువగా ఉంటే నీళ్లు మంచివని, ఎక్కువగా ఉంటే చెడ్డవని తేల్చేస్తారు. ఆ మీటరు నీటిలో విద్యుత్తు ఎంత సులభంగా ప్రవహిస్తుందో చూసి, కరిగి ఉన్న లవణాల మొత్తాన్ని అంచనా కడుతుంది, అంతే. అందులో ఫ్లోరైడ్ ఎంతో, సూక్ష్మక్రిములు ఉన్నాయో లేవో దానికి తెలియదు. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం, వేరే నీరు దొరకనప్పుడు 2,000 వరకు అనుమతిస్తారు. ఫ్లోరైడ్ హద్దు 1 మిల్లీగ్రాము, గత్యంతరం లేకపోతే 1.5. లవణాల హద్దుకూ ఫ్లోరైడ్ హద్దుకూ మధ్య ఎంత అంతరం ఉందో చూడండి. 400 అంకె చూపించే నీటిలో ఫ్లోరైడ్ 3 మిల్లీగ్రాములు ఉన్నా మీటరు అంకెలో అది తెలియదు. కనుక ఫ్లోరైడ్ పరీక్షను గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి ప్రయోగశాలలో చేయించండి, లేదా పంచాయతీ దగ్గర ఫీల్డ్ టెస్ట్ కిట్ ఉంటే అడగండి. ఇంకొక మాట: ఒక వీధి బోరులో ఫ్లోరైడ్ ఎక్కువని తేలితే ఆ సంగతిని వేదిక మీద ప్రకటించే ముందు సర్పంచికీ, సంబంధిత సిబ్బందికీ చెప్పండి. పిల్లల అంకె వల్ల ఊళ్లో భయం పుట్టకూడదు, అలాగని ఆ అంకె మరుగున కూడా పడిపోకూడదు.

ప్రయోగశాల లేకుండా పిల్లలే మొదటి నుంచి చివరి దాకా చేయగలిగిన పని కఠినజలం (సబ్బుకు సరిగా నురగ రాని నీరు) మీద ఉంది. 'ఆ బోరు నీళ్లకు పప్పు ఉడకదు' అని ప్రతి ఊళ్లోనూ అంటారు కదా, దాన్నే ప్రశ్నగా తీసుకోండి. ఊళ్లోని వేర్వేరు బోర్లు, చేతిపంపు, చెరువు, ఆర్‌ఓ ప్లాంటు, కుదిరితే పట్టిపెట్టిన వాన నీరు, ఇలా నాలుగైదు రకాలు సీసాల్లో తెచ్చి, పేర్లు రాయకుండా అంకెలు వేయండి. ఏది ఎక్కడిదో పప్పు పరీక్షించే పిల్లలకు తెలియకూడదు. ముందుగా సబ్బు పరీక్ష: సబ్బు ముక్కను వాన నీటిలో లేదా ఆర్‌ఓ నీటిలో కరిగించి ఒకే ద్రావణం తయారు చేసుకుని (డిటర్జెంటు పొడి పనికిరాదు), సమానమైన నీళ్లున్న సీసాల్లో ఒక్కో చుక్క వేస్తూ, ప్రతిసారీ మూత పెట్టి కుదిపి, నురగ ఒక నిమిషం నిలవడానికి ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కపెట్టాలి. కఠినత పెరిగే కొద్దీ చుక్కలు పెరుగుతాయి.

తర్వాత పప్పు. ఒకే సంచిలోని కందిపప్పు, ఒకే గిన్నె, ఒకే కొలత నీరు, ఒకే మంట. కుక్కరు వాడకుండా, మీరు దగ్గరుండి ఉడికించాలి. నీరు మరగడం మొదలైనప్పటి నుంచి ప్రతి ఐదు నిమిషాలకు పది బద్దలు చెంచాతో తీసి, రెండు చెంచాల మధ్య నొక్కి, ఎన్ని మెత్తగా నలిగాయో రాయించండి. పదిలో తొమ్మిది నలిగిన సమయాన్ని ఉడికిన సమయంగా తీసుకుంటే అందరూ ఒకే కొలమానం వాడినట్టవుతుంది. చివర్లో ఒక గ్రాఫు: అడ్డంగా సబ్బు చుక్కలు, నిలువుగా ఉడికిన నిమిషాలు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం పప్పు కణాల మధ్యనున్న పెక్టిన్‌ను గట్టిపరచడం వల్ల బద్ద మెత్తబడటం ఆలస్యమవుతుంది. ఈ కారణాన్ని పిల్లలకు ముందే చెప్పకండి. గ్రాఫు వచ్చాక చెప్పండి. గ్రాఫులో ఏదో ఒక బోరు నీటి బిందువు మిగతావాటి వరుసలో ఇమడక పక్కకు పోవచ్చు. దాన్ని చెరిపేయనివ్వవద్దు, ఆ నీటిని మళ్లీ తెచ్చి పరీక్షించమనండి.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. బీజామృతంలో (ఆవు పేడ, మూత్రంతో చేసే విత్తనశుద్ధి ద్రావణంలో) నానబెట్టిన పెసలు ఎక్కువగా మొలుస్తాయని నిరూపించాలనుకున్నాను. పదేసి గింజలు పెట్టాను. బీజామృతంలో 9, మామూలువాటిలో 8 మొలిచాయి. మళ్లీ చేస్తే 7, 9 వచ్చాయి. ఇప్పుడు ఏం చూపించాలి? అంశం మార్చుకోనా?
– ఒక విద్యార్థిని, కరీంనగర్

జవాబు: మార్చుకోవద్దమ్మా. రెండోసారి వచ్చిన అంకెలు నీకు నచ్చకపోయినా దాచకుండా రాశావు, ఇది చాలా మంచి పని. అంశం బాగుంది, గింజల సంఖ్యే చాలదు. పది గింజల్లో ఒక్క గింజ పుచ్చుదైతే ఫలితం పది శాతం మారిపోతుంది. ఈసారి ఇంకో పని కూడా చెయ్యి: ఏ మందూ లేకుండా, ఒకే నీటితో తడిపిన పదేసి గింజల పళ్లేలు రెండు పక్కపక్కన పెట్టు. వాటి మధ్య కూడా ఒకటి రెండు గింజల తేడా వస్తుంది. నీ బీజామృతం తేడా దానికంటే పెద్దదైతేనే దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు. విత్తన పరీక్ష కేంద్రాల్లో మొలక శాతం చూడటానికి 400 గింజలను వందేసి చొప్పున పెడతారు. నువ్వు ఒక్కో రకానికి కనీసం వంద గింజలు, నాలుగు పళ్లేల్లో పాతికేసి పెట్టు. ధ్రువీకరించిన పెసర విత్తనానికి మన దేశంలో కనీస మొలక శాతం 75 ఉండాలి. నీ మామూలు గింజలు దానికి అటూ ఇటూ ఎక్కడున్నాయో కూడా తెలుస్తుంది.

నీ ప్రయోగంలో ఇంకో చిక్కు ఉంది. బీజామృతంలో నానిన గింజ ఎలాగూ నీటిలో నానింది. మామూలు గింజలను పొడిగానే పెట్టి ఉంటే, తేడా బీజామృతం వల్ల వచ్చిందా, నానడం వల్ల వచ్చిందా చెప్పలేవు. కాబట్టి మూడు రకాలు ఉండాలి: పొడివి, అంతే సేపు మంచినీటిలో నానినవి, బీజామృతంలో నానినవి. అందులో ఆవు పేడ, మూత్రం ఉంటాయి కనుక పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కో, ఆ మొలకలు ఎవరూ తినకుండా చూడు. 'నిరూపించాలి' అనే మాటను చార్టు మీద 'పరీక్షించాలి' అని మార్చు. తేడా లేదని తేలితే అదే నీ ఫలితం. మాస్టారు మార్కులు తగ్గిస్తారేమోనని భయపడకుండా అన్ని పళ్లేల అంకెలూ పెట్టి చూపించు.

ప్రశ్న: మేము అమెరికాలోని డాలస్‌లో ఉంటాం. మా పాప ఐదో తరగతి. రాజమండ్రిలో ఉన్న వాళ్ల అమ్మమ్మతో కలిసి చేయగలిగే ప్రాజెక్టు ఏదైనా చెప్పండి.
– ఒక తండ్రి

జవాబు: నీడలు కొలవమనండి. రెండువేల ఏళ్లకు పూర్వమే గ్రీకు పండితుడు ఎరటోస్థనీస్ ఈజిప్టులోని రెండు ఊళ్ల మధ్యాహ్నపు నీడల తేడాతో భూమి చుట్టుకొలతను లెక్కగట్టాడు. మీ రెండు ఊళ్లతోనూ అది సాధ్యమే. ఇద్దరూ మీటరు పొడవు కర్రను సమతలమైన నేల మీద నిటారుగా నిలబెట్టి, ఒకే తేదీన, ఎవరి ఊళ్లో వారు మధ్యాహ్నం అతి పొట్టి నీడను కొలవాలి. డిసెంబరు 21న రాజమండ్రిలో ఆ నీడ సుమారు 85 సెంటీమీటర్లు, డాలస్‌లో సుమారు 149 సెంటీమీటర్లు ఉంటుంది. కానీ ఈ అంకెలు పాపకు ముందే చెప్పకండి. కాగితం మీద కర్రనూ నీడనూ కొలతకు తగ్గట్టు గీసి, కోణమానినితో కోణాలు చూస్తే తేడా 16 డిగ్రీలకు దగ్గరగా వస్తుంది. పటంలో రెండు ఊళ్ల అక్షాంశ రేఖల మధ్య ఉత్తర దక్షిణ దూరం సుమారు 1,750 కిలోమీటర్లు. 16 డిగ్రీలకు అంత దూరమైతే 360 డిగ్రీలకు ఎంత?

ఒక జాగ్రత్త. అతి పొట్టి నీడ గడియారం 12 కొట్టినప్పుడే పడదు. రాజమండ్రి మన ప్రామాణిక కాలరేఖకు దగ్గరగా ఉంది కాబట్టి దాదాపు 12కే పడుతుంది, డాలస్‌లో మాత్రం ఆ రోజుల్లో ఇంచుమించు 12 గంటల 25 నిమిషాలకు. పావుగంట ముందు నుంచే మూడేసి నిమిషాలకు నీడ కొనను సుద్దతో గుర్తు పెట్టుకుంటే సరైన క్షణం తప్పిపోదు. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా రాజమండ్రిలో మధ్యాహ్న సూర్యుడు ఉత్తరం వైపు ఉండి నీడ దక్షిణానికి పడుతుంది; అప్పుడు కోణాలను తీసివేయకుండా కలపాలి. చిన్నపిల్లలకు అది తికమక పెడుతుంది, అందుకే చలికాలం మేలు.

ప్రశ్న: మా పాప ఆరో తరగతి. యూట్యూబ్‌లో చూసి బూజు పెంచడం, కరెంటుతో ఏవో చేయడం, బాత్రూం క్లీనర్లు కలపడం అంటోంది. వద్దంటే ఉత్సాహం చచ్చిపోతుందేమో!
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: బూజు ప్రయోగాన్ని ఒప్పుకోండి, కాని రొట్టె ముక్కను జిప్ ఉన్న పారదర్శకమైన సంచిలో పెట్టి మూసేయాలి, మళ్లీ ఏ కారణంతోనూ తెరవకూడదు, పైనుంచే చూసి ఫొటోలు తీసి, పూర్తయ్యాక సంచితో సహా పారవేయాలి. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే ఇది కూడా వద్దు. కరెంటు విషయంలో గోడ ప్లగ్గులోని 230 వోల్టులను తాకే పని ఏదైనా నిరాకరించి, టార్చి బ్యాటరీలతో జరిగేవి చేయించండి. క్లీనర్లు కలపడాన్ని మాత్రం గట్టిగా ఆపండి. టాయిలెట్ కడిగే యాసిడ్ బ్లీచింగ్ పౌడర్‌తో కలిస్తే ఊపిరితిత్తులను కాల్చే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. రంగులు మారే రసాయన చర్య చూడాలని ఆమెకు సరదాగా ఉంటే శంఖుపుష్పాలు వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీలిరంగు నీటిలో నిమ్మరసం, వంటసోడా, చింతపండు పులుసు, మజ్జిగ, సబ్బు నీళ్లు వేరువేరు గ్లాసుల్లో చుక్కలు చుక్కలుగా వేసి, ఏది ఎన్ని చుక్కలకు ఏ రంగుకు మారిందో పట్టిక రాయమనండి.